పూటకూళ్ళ ఇంటి బిడ్డ: ప్రకాశం పంతులుగారి ‘నా జీవితయాత్ర’ను మళ్ళీ చదువుతూ

మా ఆలయంలో ఆదివారం నాడు జరిగే తెలుగు తరగతిలో కిందటి శీతకాలం టంగుటూరి ప్రకాశం పంతులుగారి ఆత్మకథ ‘నా జీవితయాత్ర’ మొదటి భాగాన్ని పిల్లలతో కలిసి చదివాము. బాల్యాన్ని వర్ణించే పుటలు ముగిసిన తరువాత, అలవాటు ప్రకారం, మాలో ఒకరు పిల్లలకు హితవు చెప్పబోయారు: చూశారా, ఎంత పేదరికంలో పెరిగారో, అందుకే పేదల బాధ ఆయనకు తెలిసింది, అని. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న పన్నెండేళ్ళ అమ్మాయి తలెత్తి, “అయితే దయ రావాలంటే పేదగా పుట్టాలాండీ? మరి మేమో?” అని అడిగింది. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. మాలో ఎవరికీ వెంటనే సమాధానం తోచలేదు. టీ వేళయిందని చెప్పి తప్పించుకున్నాము.

తప్పించుకున్నామే గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. మహనీయుల చరిత్రలు చెప్పేటప్పుడు బీదరికాన్ని ఒక గురువుగా నిలబెట్టి నమస్కరించడం మనకు పరిపాటి అయింది. వీధి దీపం కింద చదువు, చిరిగిన చొక్కా, ఒంటిపూట భోజనం. ఆ తరువాత పదవి, కీర్తి, కరుణ. ఈ వరసలో ఒకదాని నుండి మరొకటి ఎలా పుట్టిందో ఎవరూ చెప్పరు. ఆకలి ఎరిగినవాడు అన్నం పెడతాడన్నది ఎంత నిజమో, ఆకలి ఎరిగినవాడు ధాన్యం దాచుకుంటాడన్నదీ అంతే నిజం. పేదగా పుట్టి కఠినులైన వారిని మనమందరమూ చూశాము. కాబట్టి ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుండి, ఈసారి ఆ అమ్మాయి ప్రశ్నను దగ్గర పెట్టుకొని చదివాము.

ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. బాలుడికి పదకొండేళ్ళ ప్రాయంలో తండ్రి పోయారు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, అక్కడ పూటకూళ్ళ ఇల్లు నడిపి వారిని సాకారు. ఈ అయిదు వాక్యాలు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటాయి. మనం ఆగవలసినది అయిదో వాక్యం దగ్గర.

పూటకూళ్ళ ఇల్లంటే ఏమిటో ఇక్కడ పెరుగుతున్న పిల్లలకు చెప్పాలి. హోటళ్ళు లేని రోజుల్లో కచేరీ పనిమీద వచ్చినవాడు, బడి చదువుకు వచ్చిన కుర్రవాడు, బాటసారి, డబ్బిచ్చి పూట భోజనం చేసే ఇల్లు అది. మన సాహిత్యంలో అది చాల పాతది. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామంలోనే పూటకూటి ఇంటి భోజనం ఉంది. అక్కడి వర్ణన చదివితే ఇప్పటికీ నోరూరుతుంది. కాని వండినదాన్ని మెచ్చుకున్నంతగా వండినవారిని మనవాళ్ళు మెచ్చుకోలేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి రంగమెక్కింది, మనకు పరిచితమైన పెద్ద ప్రతి 1909లో వెలువడింది. అందులోని పూటకూళ్ళమ్మకు పేరు కూడా లేదు, వృత్తే పేరు. గిరీశం ఆమె ఇంటి తిండి తిని ఆమెనే మోసగిస్తాడు. ఆమె చీపురుకట్ట పట్టుకొని వచ్చినప్పుడు ప్రేక్షకులు నవ్వుతారు. మేమూ నవ్వాము, ఎన్నోసార్లు. ప్రకాశంగారి పుస్తకం మళ్ళీ చదివిన తరువాత ఆ రంగం చూస్తే మునుపటిలా నవ్వు రాలేదని ఒప్పుకోవాలి.

ఎందుకంటే అదే కాలంలో, అదే సమాజంలో, అదే వృత్తిలో ఉన్న ఒక వితంతువును ఈ పుస్తకంలో మనం కొడుకు కళ్ళతో చూస్తాము. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబపు స్త్రీ డబ్బుకు అన్నం అమ్మడం ఆ రోజుల్లో చిన్నతనంగా ఎంచేవారు. అన్నం పెట్టడం పుణ్యం, అమ్మడం లోపం. ఆ మాట పడుతూనే ఆమె పిల్లలను చదివించింది. పరీక్షకు కట్టవలసిన 3 రూపాయలు ఇంట లేకపోతే తన పట్టుబట్ట తాకట్టు పెట్టి తెచ్చిచ్చింది. ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు ప్రకాశంగారు గొంతు పెంచరు. ఏడుపు లేదు, అలంకారం లేదు. ఊరి రచ్చబండ మీద కూర్చుని పాత సంగతి చెప్పినట్టు చెప్పి ముందుకు సాగిపోతారు. మా దృష్టిలో ఈ గ్రంథంలోని మొదటి గుణం ఇదే. తల్లి పనిని ఆయన దాచుకోలేదు, దాన్ని పతకంగా ధరించనూ లేదు. పెద్ద పదవులు ఎక్కి దిగిన మనిషి ముసలితనంలో తన కథ రాస్తూ తల్లి వృత్తిని ఇంత మామూలుగా పేర్కొనగలగడం తేలిక కాదు. అటువంటి చోట్ల చాలామంది ఆత్మకథకులు రెండు పేజీలు దాటవేస్తారు.

ఇక్కడ మాకొక సందేహం కలిగింది. ఆ బాలుడు నేర్చుకున్నది ఆకలినా? నిజానికి ఆ ఇంట్లో అన్నం ఉంది; అది ఇతరుల కోసం వండే అన్నం. రకరకాల మనుషులు వచ్చి పోయే ఇల్లు అది. డబ్బు చేతిలో పెట్టినవాడూ, ఇవ్వలేక తల దించుకున్నవాడూ ఒకే గుమ్మం దాటి లోపలికి వస్తారు. ఎవడు ఎంత తింటాడో, ఎవడు మొహమాటపడి లేస్తాడో వడ్డించేవారికి తెలుస్తుంది. పంతులుగారు ఈ మాట ఎక్కడా అనలేదు, ఇది మా ఊహ. అయినా, తరువాతి జీవితంలో జనం మధ్య ఆయనకు గల ఆ చనువుకు మూలం పేదరికంలో వెదకడం కంటే ఆ వంటింటి గుమ్మంలో వెదకడం న్యాయమని మాకు తోస్తున్నది.

రెండో మూలం ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఒంగోలులో ఉపాధ్యాయులు, నాటకాలంటే ప్రాణం. ఆ కాలపు కులాచారాలు ఎంత గట్టివో తెలిసినవారికి ఈ సంబంధం విలువ తెలుస్తుంది. తనవాడు కాని, తన కులంవాడు కాని, అంత బుద్ధిమంతుడు కూడా కాని ఒక కుర్రవాణ్ణి ఆయన చేరదీశారు. తాను రాజమండ్రికి తరలిపోతూ, అక్కడ చదువుకు వీలుంటుందని వెంట తీసుకుపోయారు. ‘బుద్ధిమంతుడు కాని’ అని ఊరికే అనలేదు. ప్రకాశంగారే చెప్పుకున్నారు: అల్లరి స్నేహాలు, కొట్లాటలు, నాటకాల్లో ఆడవేషాలు, చదువు పట్ల నిర్లక్ష్యం. మంచి విద్యార్థిని ఆదుకోవడానికి ఎవరైనా ముందుకు వస్తారు. చెడిపోతున్నాడని ఊరంతా అనుకునే వాణ్ణి ఆదుకోవడానికే మనసు కావాలి. తాను యోగ్యుడు కానప్పుడు తనకు దొరికిన ఆదరణను ఆ బాలుడు మరచిపోలేదు. పెద్దయిన తరువాత ఆయన సహాయం చేసేటప్పుడు ఎదుటివాడి యోగ్యతా పత్రం అడగకపోవడానికి కారణం ఇదేనేమో.

మనం బ్రిటన్‌లో ఉన్నాము గనుక ఆయన లండన్ రోజుల గురించి ఒక మాట. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా బాగా సంపాదించి, పురపాలక సంఘాధ్యక్షులై కూడా, పై కోర్టుల్లో వాదించే హక్కు కోసం 1904లో ఆయన బారిస్టరు చదువుకు ఇక్కడికి వచ్చారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి మాటిచ్చి బయలుదేరారు. దాదాభాయి నౌరోజీగారు 1906 ఎన్నికలలో నార్త్ ల్యాంబెత్ నుండి పోటీ చేసినప్పుడు ఆయన తరఫున పనిచేశారు. నౌరోజీగారు ఓడిపోయారు. ఇప్పుడు మనవాళ్ళు ప్రతిరోజూ రైలెక్కి దిగే ఆ వీధుల్లోనే ఒక ఒంగోలు యువకుడు ఓట్ల కోసం తిరిగాడని తలచుకుంటే ముచ్చటేస్తుంది. ఈ భాగం పుస్తకంలో ఇంకా వివరంగా ఉండవలసింది.

1907లో తిరిగి వెళ్ళి మద్రాసులో పేరుమోసిన బారిస్టరయ్యారు. 1921లో ఆ సంపాదనను వదిలేసి, స్వరాజ్య పత్రిక పెట్టి, ఉద్యమంలో దూకారు. అందరికీ తెలిసిన ఘట్టం 1928 ఫిబ్రవరి 3 నాటిది. సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. పోలీసు కాల్పుల్లో ఒక మనిషి నేలకూలాడు. తుపాకి ఎదుట ఛాతీ చూపిన వీరుడిగానే మనం ఆనాటి ప్రకాశంగారిని బొమ్మల్లో గీస్తాము, విగ్రహాల్లో పోస్తాము. కాని ఆయన అక్కడికి ఎందుకు వెళ్ళబోయారు? పడిపోయిన ఆ మనిషిని చూడటానికి. తుపాకి అడ్డు వచ్చింది గనుక ఛాతీ చూపవలసి వచ్చింది. వీరత్వం దారిలో తగిలినది. బయలుదేరినది మాత్రం ఒక శవాన్ని పలకరించడానికి. ‘ఆంధ్రకేసరి’ అన్న బిరుదు సింహాన్ని గుర్తుచేస్తుంది గాని ఈ నడకను గుర్తుచేయదని మా ఫిర్యాదు. 1937లో రెవెన్యూ మంత్రి అయినప్పుడు కూడా ఆయన పట్టుబట్టి చేసిన పని జమీందారీ రైతుల స్థితిగతులపై విచారణ సంఘానికి తానే అధ్యక్షత వహించడం. అక్కడా అదే తీరు: ముందు వెళ్ళి, చూసి, వినడం.

ఇంతవరకు మెచ్చుకున్నాము. పుస్తకంలో మాకు నచ్చనివి కూడా చెప్పకపోతే అది విమర్శ కాదు. మొదటి భాగంలో ఇంత సజీవంగా ఉన్న ఇల్లు తరువాతి భాగాల్లో మాయమవుతుంది. కోర్టులు, కమిటీలు, పార్టీ తగవులు పేజీలను ఆక్రమిస్తాయి. నాలుగో భాగాన్ని తెన్నేటి విశ్వనాథంగారు పూర్తిచేశారు. అది వివరంగా ఉంటుంది గాని గొంతు వేరు. అన్నిటికంటే ఎక్కువగా కలచివేసేది, 1890లో ఆయన చేయిపట్టిన హనుమాయమ్మగారు ఈ గ్రంథంలో దాదాపు నీడగా మిగిలిపోవడం. బారిస్టరు గడించిన ధనమంతా పత్రికకూ, ఉద్యమానికీ, అడిగినవారికీ పోతున్నప్పుడు ఆ ఇంటి పొయ్యి ఎవరు వెలిగించారు, ఎలా వెలిగించారు? తల్లి పొయ్యిని అంత బాగా చూసిన కళ్ళు భార్య పొయ్యిని ఎందుకు చూడలేదు? స్వరాజ్య ఆర్థికంగా నిలదొక్కుకోలేక మూతపడింది. లెక్కలు పట్టించుకోని ఔదార్యానికి మూల్యం చెల్లించేది ఎప్పుడూ ఇచ్చినవాడు ఒక్కడే కాదు. చిన్ననాడు డబ్బు లేకపోవడం వల్ల డబ్బుపట్ల జాగ్రత్త వస్తుందంటారు. ఆయనకు మాత్రం డబ్బంటే లక్ష్యం లేకుండా పోయింది. బాల్యం ఇచ్చేవన్నీ వరాలు కావు.

ఇక మా తరగతిలోని అమ్మాయి ప్రశ్న. పేదగా పుట్టనక్కరలేదమ్మా, అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలము. ప్రకాశంగారి పుస్తకమే అందుకు సాక్ష్యం. ఆయనను మలచినది లేమి కాదు. ఆ లేమిలో ఒక తల్లి సిగ్గుపడకుండా చేసిన పని, ఒక పరాయివాడు అడగకుండా పెట్టిన చేయి. ఈ రెండూ డబ్బున్న ఇంటి పిల్లలకు కనబడవని కాదు. కనబడేటట్టు మనం ఉంచుతున్నామా అన్నదే సందేహం. ఈ ఊళ్ళో చదువుకోవడానికి వచ్చిన మన విద్యార్థులకు ఇంట్లో వండి డబ్బాలు కట్టి అమ్మే తల్లులు కొందరున్నారు. వారి కూర రుచి మనందరికీ తెలుసు. వారిలో ఒకామె, తన కొడుకు స్నేహితులు వచ్చినప్పుడు డబ్బాలన్నీ పక్కగదిలో దాచవలసి వస్తున్నదని మాతో చెప్పింది. కొడుకే దాచమన్నాడట. నూట ముప్పై ఏళ్ళ తరువాత, ఇంత దూరం వచ్చి, మనం మళ్ళీ ఒంగోలు గుమ్మం దగ్గరే నిలబడ్డాము.

పంతులుగారు 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెండు పదవులూ ఎక్కువ కాలం నిలవలేదు. పదవులన్నీ పోయి, ఎనభై నాలుగేళ్ళ వయసులో కూడా తిరగడం మాత్రం మానలేదు. ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు వెళ్ళి వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో 1957 మే 20న కన్నుమూశారు. ఎండలు మండే రోజుల్లో ఒంగోలు ఎలా ఉంటుందో ఎరిగిన పెద్దలు మన ఆలయంలో చాలామందే ఉన్నారు.

వచ్చే నెల తరగతిలో నాయుడుగారి ఘట్టం మళ్ళీ చదువుతాము. మా దగ్గర ఉన్న మొదటి భాగం ప్రతి ఒక్కటే, అదీ అట్ట ఊడిపోయినది. ఇళ్ళలో పాత ప్రతులున్నవారు తెచ్చిస్తే నకలు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తాము. డబ్బాల తల్లిని కూడా ఆ రోజు రమ్మని పిలిచాము; వస్తానని ఇంకా మాట ఇవ్వలేదు.