ఒకే రిక్వియమ్, మూడు కొలతలు

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు. పోర్ట్ బ్లెయిర్‌తో ఆగకుండా లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా వెళ్లింది. ప్రభుత్వ ప్రకటనల్లో టెలీవైద్యం, పర్యాటకం, ఆన్‌లైన్ చదువుల ప్రస్తావన వచ్చింది గానీ, సంగీతం వినేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉపగ్రహం మీద నడిచిన పాత నెట్‌తో ఒక పాట ఆగకుండా వినడమే గగనం. ఒకే కృతిని నలుగురైదుగురు నిర్వాహకుల చేతుల్లో వరసగా విని, ఎవరిది ఎక్కడ వేరైందో పట్టుకోవడం దీవుల్లో ఉండేవాళ్లకు అందే పని కాదు. వైజాగ్ ఓడ దిగిన చుట్టం పెన్‌డ్రైవ్‌లో ఏం తెస్తే అదే సంగీతం.

ఇప్పుడు అందే పనే కాబట్టి, అలా పోల్చి వినడానికి నేను అందరికీ చెప్పే కృతి గాబ్రియెల్ ఫోరే రిక్వియమ్. ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. పైగా దానికి ఒకటి కాదు, మూడు రూపాలున్నాయి.

రిక్వియమ్ అంటే చనిపోయినవారి కోసం కతోలిక చర్చిలో చేసే దివ్యపూజ. లాటిన్‌లో ఆ పూజ మొదలయ్యే మాటే దాని పేరైంది. మన తెలుగు కతోలికులకు మృతుల పూజ తెలిసిందే. రెండో వాటికన్ మహాసభ తర్వాత అది తెలుగులో జరుగుతోంది కాబట్టి లాటిన్ పాఠం పాతతరం జ్ఞాపకాల్లోనే మిగిలింది. ఆ పాఠాన్ని యూరప్ స్వరకర్తలు వందల ఏళ్లుగా క్వయర్ కోసం కడుతూ వచ్చారు. అందులో అంత్యతీర్పు దినాన్ని వర్ణించే దీర్ఘగీతం ఒకటుంది. బెర్లియోజ్, వెర్డీ అక్కడ బాకాలూ భేరీలతో ఆకాశం బద్దలు కొట్టారు. ఫోరే ఆ గీతాన్ని దాదాపు మొత్తం వదిలేసి, చివరి రెండు పాదాలు మాత్రం ఉంచుకున్నాడు. ఆ రెండు పాదాలే ‘పియె జేసు’ అనే ఒంటరి గొంతు పాట. తీర్పును పక్కనపెట్టి విశ్రాంతిని మాత్రమే అడిగే రిక్వియమ్ ఇది. మరణానికి జోలపాటలా ఉందని అప్పట్లోనే అన్నారు. ఆ మాట ఫోరేకి ఇబ్బందిగా అనిపించలేదు.

కర్ణాటక సంగీతం వినేవారికి పాఠాంతరం కొత్త కాదు. త్యాగరాజ కీర్తన ఒక్కటే అయినా వాలాజాపేట శిష్యుల పద్ధతి వేరు, ఉమయాళ్‌పురం వారిది వేరు. అయితే ఆ తేడాలు శిష్యుల గొంతుల్లో పుట్టినవి. ఫోరే రిక్వియమ్‌లో తేడాలు కర్త బతికుండగానే, మూడు వేర్వేరు అవసరాల వల్ల వచ్చాయి.

మొదటిది 1888 జనవరి 16. పారిస్‌లోని మాదలేన్ చర్చిలో ఫోరే క్వయర్ అధిపతి. లె సుఫాషే అనే వాస్తుశిల్పి అంత్యక్రియల పూజకు ఈ కృతిని మొదటిసారి పాడించాడు. ఫోరే తల్లి పోయి అప్పటికి పదహారు రోజులే, కానీ రచన అంతకు ముందే మొదలైంది కాబట్టి తల్లి కోసం రాశాడన్న కథను నమ్మనక్కర్లేదు. అప్పుడు భాగాలు అయిదే. ఆ చర్చిలో ఆడవాళ్లు పాడకూడదు కనుక పై గొంతులన్నీ మగపిల్లలవే. ‘పియె జేసు’ పాడిన కుర్రాడు లూయీ ఒబేర్, తర్వాత తనే స్వరకర్త అయ్యాడు. వాద్యాల్లో వయొలిన్ల వరసే లేదు. రెండు పాయలుగా చీల్చిన వయోలాలు, చెల్లోలు, కింద డబుల్ బాస్‌లు, ఆర్గన్, హార్ప్, టింపనీ, ‘సాంక్తుస్’ భాగంలో మాత్రం ఒకే ఒక్క వయొలిన్. వాద్యబృందాన్ని కట్టే ఎవరైనా ముందు వయొలిన్లు రాసుకుని తర్వాత మిగతావి చూసుకుంటారు. ఫోరే పైకప్పు లేకుండా ఇల్లు కట్టాడు.

తర్వాతి కొన్నేళ్లలో ఆఫర్టరీ, ‘లీబెరా మే’ అనే రెండు భాగాలు చేరాయి. ‘లీబెరా మే’ 1877లోనే బారిటోన్ గొంతుకూ ఆర్గన్‌కూ రాసి పెట్టుకున్న పాట. హార్న్‌లు, ట్రంపెట్లు కూడా వచ్చాయి. 1893 నాటికి కుదురుకున్న ఈ ఏడు భాగాల రూపాన్ని మధ్య పాఠం అనుకోవచ్చు.

మూడోది 1900లో. ప్రచురణకర్త అమెల్‌కు కచేరీ హాళ్లలో అమ్ముడుపోయే కృతి కావాలి, అంటే నిండు ఆర్కెస్ట్రా కావాలి. ఆ ఏడాది జులైలో పారిస్ ట్రోకడేరో హాల్లో పోల్ తఫానెల్ నిర్వహణలో వేలమంది పట్టే చోట అది మోగింది. అదనపు వాద్యాలు ఫోరే స్వయంగా రాశాడా, శిష్యుడు రోజే-దుకాస్ చేత రాయించాడా అన్న వాదన ఇంకా తెగలేదు. నాకైతే శిష్యుడి వైపే మొగ్గు. కారణం కంటి ముందే ఉంది. ఫ్లూట్లు, క్లారినెట్లు ‘పియె జేసు’లో తప్ప ఎక్కడా నోరు విప్పవు. ముప్పై అయిదు నిమిషాల కృతిలో ఆ వాయిద్యకారులు కొన్ని నిమిషాల పని కోసం కూర్చోవాలి. లెక్క తెలిసిన స్వరకర్త ఇంత దుబారా చేయడు.

దశాబ్దాల పాటు లోకానికి తెలిసింది ఈ పెద్ద పాఠమే. 1962లో ఆంద్రె క్లుయితాన్స్ చేసిన రికార్డింగు దానికి కొండగుర్తు. విక్టోరియా దె లాస్ ఆంహెలెస్, ఫిషర్-డీస్కావ్ సోలోలు పాడారు. గొప్ప గొంతులే. కానీ ‘పియె జేసు’ వింటుంటే ప్రార్థన కన్నా వేదిక ఎక్కువ కనిపిస్తుంది. 1967లో డేవిడ్ విల్‌కాక్స్ కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ క్వయర్‌తో అదే పెద్ద పాఠాన్ని రికార్డు చేస్తూ సోప్రానో స్థానంలో ఒక బాలుణ్ణి పెట్టాడు. బాబ్ చిల్‌కాట్‌కు అప్పటికి పన్నెండేళ్లు. ఒక్క గొంతు మారితే పాట ఎంత మారుతుందో ఇక్కడ తెలుస్తుంది. పెద్ద గాయని ఒక స్వరం మీద ఆగినప్పుడు గొంతులో చిన్న వణుకు ఉంటుంది, అది శిక్షణలో భాగం. ఆ అబ్బాయి గొంతు గీత గీసినట్టు నిలబడుతుంది. అడగడం తప్ప బతిమాలడం ఉండదు.

పాత చిన్న రూపాన్ని మళ్లీ వెలికి తెచ్చింది ఇద్దరు. జాన్ రటర్ పారిస్ జాతీయ గ్రంథాలయంలోని రాతప్రతుల ఆధారంగా కూర్చిన ప్రతిని 1984లో కేంబ్రిడ్జ్ సింగర్స్‌తో పాడించాడు. ఫ్రెంచి పరిశోధకుడు జాన్-మిషెల్ నెక్తూ, రోజే దెలాజ్‌తో కలిసి మాదలేన్‌లో వాడిన వాద్యప్రతుల నుంచి మరో ప్రతి తయారుచేశాడు. ఫిలిప్ హెరెవెగె 1988లో లా షపెల్ రొయాల్‌తో 1893 రూపాన్ని రికార్డు చేసి, 2001లో షాంజెలీజే ఆర్కెస్ట్రాతో 1900 రూపాన్నీ చేశాడు. ఒకే నిర్వాహకుడు, ఒకే కృతి, రెండు కొలతలు. పోల్చడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

‘సాంక్తుస్’ దగ్గర మొదలుపెట్టండి. 1988 రికార్డింగులో సోప్రానోలు, మగ గొంతులు ఒకరి తర్వాత ఒకరు మెల్లగా పలుకుతుంటే హార్ప్ చినుకుల మీదుగా ఒక్క వయొలిన్ సాగుతుంది. ఒక్కటే కాబట్టి విల్లు తంత్రిని తాకిన ఒరిపిడి కూడా వినిపిస్తుంది. 2001లో అదే గీత వయొలిన్ల వరస చేతిలో పడి ఆ ఒరిపిడి మాయమై మెరుపు మిగులుతుంది. ఇంకో సంగతి లాటిన్ ఉచ్చారణ. ఫోరే కాలంలో ఫ్రెంచివాళ్లు లాటిన్‌ను ఫ్రెంచి నోటితోనే పలికేవారు. 2001లో హెరెవెగె అలాగే పాడించాడు. అచ్చులు సన్నబడి ముక్కులోకి జారతాయి. కింగ్స్ కాలేజీ వారి గుండ్రని అచ్చులకు అలవాటుపడిన చెవికి మొదట వెగటుగా ఉంటుంది, రెండోసారికి అలవాటవుతుంది.

అప్పుడు కృతి మొదలుకు వెళ్లండి. ఆర్కెస్ట్రా అంతా ఒకే స్వరాన్ని బలంగా పట్టి నిలుపుతుంది, ఆ వెంటనే క్వయర్ దాదాపు గుసగుసలా ప్రవేశిస్తుంది. పెద్ద పాఠంలో ఆ మొదటి స్వరం ఎదురుగా లేచిన గోడలా ఉంటుంది. చిన్న పాఠంలో అది నేల. వయోలాల ముదురు రంగు గొంతుల కిందే ఉండిపోతుంది కాబట్టి మాట స్పష్టంగా తేలుతుంది.

ఫోరే రిక్వియమ్ మొదట మోగిన 1888లోనే అండమాన్‌లో అధికారిగా ఉన్న మారిస్ పోర్ట్‌మన్ అండమానీయుల సంగీతం మీద రాసిన వ్యాసం లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. పాట కట్టినవాడు ముందు ఒంటరిగా ఎత్తుకుంటాడు, డాలు ఆకారపు చెక్కపలకను కాలితో తొక్కుతూ లయ పడతాడు. వరసగా కూర్చున్న స్త్రీలు తొడల మీద చరుస్తూ వంత అందుకుంటారు. 1906–08 మధ్య దీవుల్లో తిరిగిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ మైలతీరే నృత్యాన్ని వివరించాడు. చనిపోయినవారి బంధువులు నెలల తరబడి ఒళ్లంతా బంకమట్టి పూసుకుని ఆటపాటలకు దూరంగా ఉంటారు. ఎముకలు తవ్వి తీశాక ఒక రాత్రి మట్టి కడిగి, ఎర్ర రంగు పూసుకుని, ఏడ్చి, నాట్యంలోకి దిగుతారు. ఆ పాటల్లో చావు ఊసు ఉండనక్కర్లేదు. వేట, తాబేలు, పడవ లాంటి రోజువారీ సంగతులే. శోకాన్ని మోసేది మాట కాదు, నలుగురూ కలిసి పాడటం. తీర్పు గీతాన్ని పక్కన పెట్టిన ఫోరే కూడా ఈ దారిలోనే నడిచాడని నాకనిపిస్తుంది. మరణాన్ని వర్ణించడం మానేసి, పాడేవాళ్లను దగ్గరగా కూర్చోబెట్టాడు.

అందుకే దీవుల్లో ఎవరైనా ఈ కృతి ఎత్తుకోదలిస్తే 1900 పాఠం జోలికి పోవద్దంటాను. కార్ నికోబార్ చర్చిల్లో క్వయర్ పాటకు ఉన్న విలువ తెలియనిది కాదు. 1890ల్లో వేదప్పన్ సాల్మన్ ముస్ గ్రామంలో బడి పెట్టిన నాటి నుంచి, ఆయన శిష్యుడు జాన్ రిచర్డ్‌సన్ కొత్త నిబంధనను నికోబారీలోకి తెచ్చి బిషప్ అయ్యేదాకా, కలిసి పాడటం ఆ చర్చిల బతుకులో భాగం. 2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవిని తుడిచిపెట్టింది. పోయినవారిని తలుచుకునే ప్రార్థనలు ఏటా అదే తేదీన జరుగుతాయి. గొంతులకు కొరత లేదు. కొరత వయోలాలకు, చెల్లోలకు.

దానికి ఫోరేనే దారి చూపాడు. ‘లీబెరా మే’ పుట్టిందే ఒక బారిటోన్, ఒక ఆర్గన్ కోసం. ఆర్గన్ ధ్వని ఇచ్చే మంచి కీబోర్డుతో ఆ ఒక్క భాగం ఏ చర్చిలోనైనా నిలబడుతుంది. రెండోది ఆఫర్టరీ. అది ఆల్టోలు, టెనర్లు ఒకరి వెనక ఒకరు అల్లుకుంటూ మొదలవుతుంది. పైస్థాయి సోప్రానోలు తక్కువున్న బృందం ధైర్యంగా సాధన మొదలుపెట్టవలసింది అక్కడే. శ్రుతి జారేదీ అక్కడే, ఎందుకంటే వాద్యం వాళ్లకు ఊతం ఇవ్వకుండా మధ్య మధ్య తప్పుకుంటుంది. ‘పియె జేసు’కు గొంతు మారని అబ్బాయి దొరికితే సోలో గాయని కోసం చెన్నైకి రాయనక్కర్లేదు. సాధనకు ముందు రటర్ 1984 రికార్డింగు వినిపిస్తే చాలు. క్లుయితాన్స్‌ది మాత్రం కచేరీ అయ్యాక వినమనాలి, ముందే వింటే పిల్లలు దాన్నే అనుకరిస్తారు.