కలము కుదురుకొను కాలము

మనోవ్యాధిని నిర్ణయించుటకు రక్తపరీక్షగాని ఎక్స్‌రేగాని చాలదు. రోగి చెప్పిన మాటయు, చెప్పలేక మ్రింగిన మాటయు, వెంటవచ్చిన తల్లి చెప్పు నిద్రలేని రాత్రుల కథయు వైద్యునకు ముఖ్యాధారములు. ఇట్టి సూక్ష్మవిద్యను మూడేండ్లలో అభ్యసింపవలసిన ఎం.డి. విద్యార్థికి, ఓపీ రద్దీలో గురువునకు తీరిక చిక్కని వేళ, ఓపికతో నిలిచి, ఆదరముతో పలుకరించి, రంగుల కాగితముపై క్రొత్త మందు గుణములను వివరించువాడు కంపెనీ మెడికల్ రిప్రజెంటేటివ్. నేనాతనిని నిందింపను, టార్గెట్టు తీరనిచో ఉద్యోగము నిలువని యువకుడాతడు. కాని ఏ మందు పేరు కలమునకు ముందుగా వచ్చునో ఆ అలవాటు శిక్షణకాలముననే స్థిరపడునను సంగతిని కంపెనీలు గ్రహించినంతగా మన కళాశాలలు గ్రహింపలేదు.

లిథియమునే చూడుడు. ఉన్మాదమును శమింపజేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించిన ఈ లవణము, బైపోలార్ రోగులను ఆత్మహత్యనుండి కాపాడుటలో నేటికిని మిక్కిలి విలువగలది. అయినను దానికి పేటెంటు లేదు, లాభము స్వల్పము. కావున దాని పేరిట విందు చేయువాడు లేడు. రక్తములో దాని పరిమాణమును పరీక్షించుచు వాడు నేర్పు గురుముఖముననే రావలయును. విందులు గల మందుల చరిత్ర వేరు: మనోరోగపు మందైన ఓలాంజపిన్‌ను అనుమతిలేని ఉపయోగములకు ప్రచారము చేసిన కేసులో ఎలీ లిల్లీ కంపెనీ 2009లో అమెరికాలో 141.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

మన దేశమునను నిబంధనలు లేకపోలేదు. వైద్యులు కంపెనీల కానుకలను, ప్రయాణపు ఖర్చులను గ్రహింపరాదని భారత వైద్యమండలి 2009 డిసెంబరులో శాసించెను. అట్టి వ్యయముపై కంపెనీలు ఆదాయపుపన్ను మినహాయింపు కోరరాదని 2022లో అపెక్స్ లేబరేటరీస్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇవి కానుకను నిరోధింపవచ్చును గాని, బోధకుడు లేనిచోట కంపెనీ మాటయే బోధయగుటను నిరోధింపజాలవు.

ఆ బోధ ఫలము మా పెద్దాపురము మెడికల్ షాపుల ముందు కనబడును. పట్నమునుండి తెచ్చుకొన్న చీటీలో బ్రాండు పేరే యుండుటచే, అదే మందు చవుకగా దొరకునని తెలియక, కొన్నాళ్లకు సరిపడ మాత్రలు కొని, అవి కాగానే మానివేయు కూలి కుటుంబములను చూచినపుడెల్ల నా మనసు కలత చెందును. మనోరోగమున మందు నడుమ మానుట రోగమును తిరిగి పిలుచుటయే.

కాకినాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణముల ఆచార్యులకు నా విన్నపమిది: వారమున కొక గంట కేటాయించి, కంపెనీవారిచ్చిన కాగితమునే విద్యార్థుల ముందుంచి, అందలి గ్రాఫులను, లెక్కలను, పరిశోధనకు ధనమిచ్చినవారెవరో ఆ వివరమును వారిచేతనే పరీక్షింపజేయుడు, చీటీపై మందు జనరిక్ పేరు వ్రాయుట మొదటి దినముననే నేర్పుడు.