విండోస్ మీదే వెబ్ పని

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఇంటి దగ్గర కూర్చుని వెబ్ అప్లికేషన్లు రాసే పిల్లల చేతిలో ఉండేది, ఎక్కువగా, బీటెక్‌లో చేరినప్పుడు కొన్న విండోస్ లాప్‌టాపే. పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది మాత్రం మ్యాకో లినక్సో ఉందనుకునే చెబుతారు. ఆ తేడాను పూడ్చుకుంటూ పని నడిపించడం మెచ్చుకోదగ్గ నేర్పు.

బొమ్మ ఫైలు పేరు క్యాపిటల్ అక్షరంతో ఉండి, కోడ్‌లో స్మాల్ అక్షరంతో రాసినా విండోస్ పట్టించుకోదు. లినక్స్ సర్వర్‌కు ఎక్కించగానే బొమ్మ మాయం! అందుకే పని తెలిసినవాళ్లు పేర్లన్నీ స్మాల్ అక్షరాల్లోనే పెడతారు. వరుస చివర విండోస్ రెండు గుర్తులు పెడితే లినక్స్‌కు ఒక్కటి చాలు. కంటికి కనబడని ఆ అదనపు గుర్తుతో షెల్ స్క్రిప్ట్ మొరాయిస్తుంది. గిట్ సెట్టింగుల్లో దాన్నీ ముందే సరిచేసుకుంటారు.

ఇలాంటి తిప్పలు తగ్గేలా 2016లోనే మైక్రోసాఫ్ట్, విండోస్ లోపల లినక్స్ పనిముట్లు నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌ను తెచ్చింది. 2020లో అందరికీ అందిన రెండో వెర్షన్‌లో అసలు లినక్స్ కెర్నలే ఉంది. అక్కడా ఓ కిటుకుంది. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో ఉంచితే ప్యాకేజీల ఇన్‌స్టాల్ నత్తనడకే. లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లోకి మారిస్తే చకచకా సాగుతుంది. ర్యామ్ తక్కువైతే లినక్స్ వాటాకు హద్దు పెట్టుకోవచ్చు.

కొత్త మిషన్ కోసం ఆగకుండా, ఉన్నది ఎక్కడ తేడా కొడుతుందో నేర్చుకున్నవాళ్లకు సర్వర్‌లో వచ్చే తప్పులు పట్టుకోవడమూ తేలికవుతుంది.