నీళ్ళు లేని కాలువగట్టు మీద

కొత్త కాలువ తవ్వడం కంటే పూడిపోయిన కాలువను తిరిగి తవ్వడం కష్టం. కృష్ణా డెల్టాలో లాకుల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి గనక ఈ మాట ధైర్యంగా అంటున్నాను. కొత్తదానికి భూమి దొరికితే చాలు. పాతదాని మీద ఈలోగా రోడ్లు పడతాయి, షెడ్లు లేస్తాయి, దస్తావేజులు చేతులు మారతాయి. ఇంగ్లండులో స్ట్రౌడ్ పట్టణం మీదుగా పోయే రెండు పాత పడవ కాలువలను జనం తమంతట తాము బాగుచేసుకుంటున్న వైనమే ఈ పుస్తకం. రచయిత్రి మా ఊరి పిల్ల. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడి, సెలవు రోజుల్లో ఆ గట్టు వెంట నడిచింది. నడిచి ఊరుకోక పార పట్టుకుని కాలువలోకి దిగింది.

సెవర్న్ నది నుంచి స్ట్రౌడ్ దాకా వచ్చే స్ట్రౌడ్‌వాటర్ కాలువ 1779లో పూర్తయింది. అక్కడి నుంచి కొండ దాటి థేమ్స్ నదిని కలిపే రెండోది 1789లో వచ్చింది. రెండూ కలిపి సుమారు 36 మైళ్ళు. కొండ కింద రెండు మైళ్ళ పైచిలుకు పొడవున సాపర్టన్ సొరంగం ఉంది. లోపల పడవ లాగడానికి గట్టు లేదు. పడవవాళ్ళు వెల్లకిలా పడుకుని గోడలను కాళ్ళతో తన్నుకుంటూ ముందుకు పోయేవారు. రైలు వచ్చి సరుకు పట్టుకుపోయింది. రెండో కాలువలో తూర్పు భాగాన్ని 1927లో, మిగిలినదాన్ని 1933లో వదిలేశారు. స్ట్రౌడ్‌వాటర్ 1954లో చట్టప్రకారం మూతపడింది. 1972లో సంఘం పెట్టి పని మొదలుపెట్టినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. పని ఇంకా సాగుతోంది.

పుస్తకంలో నేను రెండుసార్లు చదివింది బంకమట్టి అధ్యాయం. ఆ కొండంతా సున్నపురాయి, నీటిని పట్టి ఉంచదు. అందుకని బంకమట్టిని నీళ్ళతో పిసికి, తొక్కి, కాలువ అడుగున పొరలు పొరలుగా పరిచారు. చలికాలంలో ఊటలు పెరిగి ఆ పొరను కింద నుంచి ఎత్తేసేవి, అది బీటలు వారేది. వేసవి రాగానే ఉన్న నీళ్ళన్నీ ఆ బీటల్లోంచి భూమిలోకి దిగిపోయేవి. మరమ్మతు చేసిన కొద్దీ అదే గొడవ. కాలువ చావుకు రైలునే తిట్టిపోయడం మనకు అలవాటు. సగం తప్పు రాతిదని ఈ అమ్మాయి ఓపికగా చూపించింది. ఇంజనీరింగు చదవనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా రాసింది.

బ్రిమ్స్‌కోంబ్ రేవు గురించి రాసిన పేజీలూ అంతే. సెవర్న్ పడవలు వెడల్పు, థేమ్స్ పడవలు పొడవు. ఏ వైపు లాకులు ఆ వైపు పడవకు తగ్గట్టు కట్టారు. కాబట్టి ఆ రేవులో సరుకంతా దింపి మళ్ళీ ఎక్కించాల్సిందే. రేవును తర్వాత పూడ్చేసి పైన కర్మాగారాలు కట్టారు.

ఒక్కచోట నాకు పేచీ ఉంది. శ్రమదానం చేసేవాళ్ళ మీద ప్రేమకొద్దీ ఆమె డబ్బు సంగతి తేల్చేసింది. ఇటుక గోడలు కట్టినవాళ్ళూ, తుప్పలు కొట్టినవాళ్ళూ ఊరివాళ్ళే, కాదనను. కానీ రైలు కట్ట కింద దారి తెరవడం, ఎం5 మోటార్‌వే తెంచేసిన చోట కాలువను మళ్ళీ అతికించడం పారలతో అయ్యే పనులు కావు. లాటరీ నిధి, స్థానిక కౌన్సిళ్ళు కలిసి రావాలి. మన దగ్గర శ్రమదానమంటే ఒక పూట పార పట్టి ఫొటో దిగడం అయిపోయింది గనక, మన పాఠకుడికి ఈ రెండో సగం మరింత వివరంగా చెప్పి ఉండాల్సింది. మలి ముద్రణలో చేరుస్తుందని ఆశ.

భాష విషయంలో మెచ్చుకోక తప్పదు. లాకు, తూము, పూడిక, రేవు: డెల్టాలో పడవవాడూ లస్కరూ వాడిన మాటలే వాడింది.

మనకూ ఒక కాలువ ఉంది. పెదగంజాం నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా మద్రాసు దాకా, అది దాటి ఇంకా కిందికి పోయే బకింగ్‌హామ్ కాలువ. 1877-78 కరువులో కూలీల చేత మద్రాసు నగరంలోని ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఉప్పు, సరుగుడు కట్టెలు దాని మీదే పట్నం చేరేవి. ఈ పుస్తకం చదివిన కుర్రవాళ్ళు ఎవరైనా పెదగంజాంలో బయలుదేరి నెల్లూరు వైపు ఆ గట్టు వెంట నడవండి. ఎక్కడ నీరుంది, ఎక్కడ ఇసుక మేట వేసింది, ఏ లాకు తలుపులు ఊడిపోయాయి, రాసుకోండి. గట్టు పక్క ఊళ్ళలో పడవ నడిపిన ముసలివాళ్ళు ఇంకా కొద్దిమంది ఉంటారు. ముందు వాళ్ళను కలవండి.