భంగిమ అయిపోయాక క్లిక్

'సాగర సంగమం'లో ఫొటోలు తీసే పిల్లాడు గుర్తున్నాడా? బాలు ఒళ్లంతా విల్లులా వంచి ఒక భంగిమలో నిలబడతాడు. పిల్లాడు కెమెరా సర్దుకుంటూనే ఉంటాడు. బాలు భంగిమ వదిలేశాక క్లిక్‌మంటుంది. టీవీలో ఎన్నిసార్లు వచ్చినా మా ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఈమధ్య మళ్లీ చూస్తే నాకు నవ్వు రాలేదు. తెలుగులో నాట్యానికీ కెమెరాకీ ఉన్న సంబంధం మొత్తం ఆ సీన్లోనే ఉందనిపించింది.

1983 నాటి ఆ సినిమాలోనే దీనికి సరిగ్గా ఎదురు నిలబడే షాట్ ఒకటుంది. తాగి, వానలో, బావి గట్టుమీద ఆడతాడు బాలు. చివర్లో మాధవి నుదుటి కుంకుమ వానకి కరిగిపోబోతుంటే అరచెయ్యి అడ్డం పెడతాడు. భర్త పోయిన సంగతి దాచడానికే ఆమె ఆ కుంకుమ పెట్టుకుందని మనకి తెలుసు, అతనికి తెలీదు. ఆ చెయ్యి ఏ శాస్త్రంలోనూ లేని ముద్ర. స్టేజీ మీద చేస్తే పదో వరసలో ఉన్నవాళ్లకి కనబడదు. కెమెరా అంత దగ్గరికి వెళ్లింది కాబట్టే అది నాట్యమైంది.

డాన్స్ ఫిల్మ్ అంటే నా లెక్కలో అదే. ఆడుతుంటే తీసిన వీడియో కాదు, కెమెరా లేకపోతే అసలు ఉండని నాట్యం. 1945లో అమెరికాలో మాయా డెరెన్ 'ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా' తీసింది. మూడు నిమిషాలు కూడా ఉండదు, శబ్దం ఉండదు. టాలీ బీటీ అనే నర్తకుడు అడవిలో కాలెత్తుతాడు, ఆ పాదం ఒక ఇంటి గదిలో దిగుతుంది. చివరి గెంతుని ముక్కలుగా తీసి అతికితే, ఏ మనిషీ నిలవలేనంత సేపు గాల్లో ఉంటాడు. టైటిల్స్‌లో డెరెన్ తన పేరు పక్కనే బీటీ పేరు కూడా వేసింది. ఇది ఇద్దరం చేసిన పని అని చెప్పడం అన్నమాట.

మరి మనకెందుకు లేవు ఇలాంటివి? నైపుణ్యం లేక కాదు. సినిమా పాటల షూటింగులో స్టెప్పుతోపాటు షాట్ కూడా చాలాసార్లు డాన్స్ మాస్టరే నిర్ణయిస్తాడు. ఏ లెక్కకి కట్ కావాలో, ఏ మలుపుకి ట్రాలీ కదలాలో అతనికి తెలుసు. అంటే కెమెరా కోసం నాట్యం కూర్చేవాళ్లు మన దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్నారు. 1963లో 'నర్తనశాల' కోసం ఎన్టీఆర్ వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. బాలమురళీకృష్ణ, బెంగుళూరు లత పాడిన పాటలో ఎల్. విజయలక్ష్మి పక్కన బృహన్నలగా ఆయన ఎంత ఒదిగి ఆడతారో చూడండి. మహా హీరో ఒంట్లోంచి హీరోతనం దిగిపోతుంది. కానీ అది పాట. పాటకి కథలో చోటుంది, నిర్మాత దగ్గర డబ్బుంది, థియేటరుంది. పాట బయట నిలబడాలనుకున్న నాట్యానికి మాత్రం ఈ మూడూ లేవు. 1948లో మద్రాసు జెమినీ స్టూడియోలో ఉదయ్ శంకర్ 'కల్పన' తీశాడు, నర్తకుడే దర్శకుడిగా, నిండా నాట్యంతో. డబ్బు రాలేదు, ఆయన మళ్లీ అలాంటిది తియ్యలేదు. 2012లో దాన్ని బాగుచేసి కాన్‌లో చూపిస్తే ప్రపంచం మెచ్చుకుంది. అరవై నాలుగేళ్లు లేటు.

డెరెన్ సినిమాని మొన్న చర్లపల్లిలో మా గదిలో, గోడకి తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్‌తో వేశాం. ఏడుగురం. మా వీధిలో పిల్లలకి కూచిపూడి నేర్పే టీచరమ్మ కూడా వచ్చారు. శబ్దం లేని సినిమాకి ఆవిడ మోకాలి మీద తాళం వేస్తూ కూర్చున్నారు. అయిపోగానే, "ఇంకోసారి వెయ్యి బాబూ" అన్నారు. రెండోసారి చూశాక, "కాలెత్తింది ఒకచోట, దించింది ఇంకోచోట. అయినా నడక తప్పలేదు చూశావా? మా పిల్లల ప్రోగ్రాం వీడియో తీసినాయన జతి వస్తున్నప్పుడు మొహం తీశాడు, అభినయం వస్తున్నప్పుడు హాలంతా తీశాడు" అన్నారు.

అంతకంటే పదునైన డాన్స్ ఫిల్మ్ విమర్శ నేనైతే చదవలేదు. ఎక్కడ దగ్గరికెళ్లాలి, ఎక్కడ దూరం జరగాలి అన్నదే మొత్తం సంగతి. తరంగంలో పళ్లెం అంచు పట్టిన పాదాలకి దగ్గరికెళ్లొచ్చు. పరుగున రంగం చుట్టేసే ప్రవేశానికి వెనక్కి జరగాలి. ఫోను నిలువు ఫ్రేములో మనిషి నిండుగా పడతాడు గానీ పరుగు పట్టదు. రీల్స్ కోసం ఆడేవాళ్ల నాట్యం ఉన్నచోటే ఉండిపోవడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటా.

సత్యజిత్ రాయ్ 'బాల' (1976) నన్ను అందుకే ఇబ్బంది పెడుతుంది. బాలసరస్వతిని పద్నాలుగేళ్ల వయసులో, 1935లో, కలకత్తాలో చూశాడాయన. సినిమా తీసేనాటికి ఆమెకి 58 ఏళ్లు. తమిళనాడు ప్రభుత్వం, బొంబాయి ఎన్.సి.పి.ఎ. కలిసి డబ్బు పెడితే గానీ కెమెరా ఆమె ముందుకు రాలేదు. అందులో ఆమెని సముద్రం ఒడ్డున నిలబెట్టి ఒక కన్నడ కృతి చేయించాడు రాయ్. గాలి పైట లాగుతుంటుంది, మన చూపు అలల మీదికి పోతుంది. వేలి చివరతో, కనురెప్పతో కథ చెప్పగలిగే మనిషికి అంత ఆకాశం ఎందుకు? నా కంప్లయింట్ ఆమె వయసు గురించి కాదు. అభినయానికి ఆ వయసు అడ్డం కాదు. ఆ కళ పుట్టింది గదిలో, దీపం వెలుగులో, నాలుగడుగుల దూరంలో కూర్చున్నవాళ్ల కోసం. క్లోజప్ దానికి పరాయిది కాదు, సొంత ఇల్లు. ఆమెకి పేరు తెచ్చినవాటిలో క్షేత్రయ్య పదాలున్నాయి, మన తెలుగువి. వాటిని అలా ఒక గదిలో తీసి ఉంటే అన్న బాధ నాకు పోదు.

ఆ గదులు గోదావరి జిల్లాల్లో ఉండేవి. 1947 చట్టం తర్వాత కళావంతుల ఆట బయట ఆగిపోయింది. కొందరు ఇంటి తలుపులు వేసుకుని పదాలూ జావళీలూ తమకోసం తాము చేసుకునేవాళ్లని దవేశ్ సోనేజీ 2012లో వచ్చిన 'అన్‌ఫినిష్డ్ జెస్చర్స్'లో రాశాడు. చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది: పుస్తకం ఆ మాటల్ని పట్టుకోగలిగింది, చెయ్యి తిరిగిన తీరుని పట్టుకోలేదు. సినిమా కోసం అంత డబ్బు తిరిగిన భాషలో, ఒక్క కెమెరా కూర్చోవాల్సిన చోట కూర్చోలేదు. మళ్లీ అదే పిల్లాడు, మళ్లీ అదే క్లిక్.

తియ్యడం ఇప్పుడు కష్టం కాదు, చూపించడమే కష్టం. 1946లో డెరెన్ ఏ పంపిణీదారు కోసమూ ఎదురుచూడలేదు. న్యూయార్క్‌లో ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అద్దెకు తీసుకుని తన సినిమాలు తనే వేసుకుంది. అది చూసి ఉత్సాహపడ్డ ఏమస్ వోగెల్ మరుసటేడు 'సినిమా 16' అనే ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. ఒక అద్దె హాలు నుంచి ఒక ప్రేక్షకలోకం మొదలైంది.

మనకి రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, బంజారాహిల్స్‌లో లమాకాన్ ఉంది. మంచివే, కానీ అన్నీ ఊరికి అటువైపు. ఇటు ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో నాచారంలోనే ఉంది. 1979లో ఆ బ్యానర్ మీదే 'శ్రీమద్విరాటపర్వము'లో ఆయన మళ్లీ బృహన్నల వేషం కట్టారు. ఇంత ఉన్న మా వైపు, పది నిమిషాల నాట్యాన్ని పదిమందిమి కూర్చుని చూసే చోటు లేదు.

ఉప్పల్ నుంచి చర్లపల్లి దాకా ఎన్ని ఫంక్షన్ హాళ్లో! మూఢం వస్తే అన్నీ ఖాళీ. తెర ఉంటుంది, సౌండు ఉంటుంది, కుర్చీలు ఉంటాయి. టీచరమ్మతో ఈ మాటంటే నవ్వి, "హాలు సరే బాబూ, ముందు ఆ కెమెరా ఎక్కడ పెడతావో చెప్పు, నేను అక్కడికి తగ్గట్టు కూర్చుంటాను" అన్నారు. ఆవిడ ఆడతాననలేదు, కూర్చుంటానన్నారు. ఈసారి పదం మొదలయ్యేలోపే కెమెరా సర్దుకుని ఉండాలి.