పున్నమి వాడకొచ్చింది, బుద్ధుడొచ్చిండా?

మేళ్లచెరువు అనంగనే పాత నల్లగొండ జనానికి రెండు యాదికొస్తయి: శంభులింగేశ్వరుని శివరాత్రి జాతర, సిమెంటు. సిమెంటుకు మూలం సున్నపురాయి. కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న ఈ పలనాటి రాతి పలకల మీదనే ఒకప్పుడు నాగార్జునకొండ, ఫణిగిరి శిల్పులు బుద్ధుని కథ చెక్కారు. అప్పుడు ధమ్మం చెప్పిన రాయి ఇప్పుడు పొడై సంచుల్లోకి పోతోంది. కాబట్టి ఇక్కడి దళితవాడలు వైశాఖ పున్నమి చేసుకుంటే ఎక్కడి దేవుణ్ణో అరువు తెచ్చుకుంటున్నారనే మాట చెల్లదు.

అయితే ఆ వేడుక ఎట్లా జరుగుతోందనేది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

రాజ్యం తన బుద్ధుణ్ణి ఎప్పుడో తయారుచేసుకుంది. మన జిల్లా రాయగిరి రాతితో చెక్కిన ఏకశిలా విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న హుస్సేన్‌సాగర్ నడుమ నిలబెట్టారు. 1990 మార్చిలో దాన్ని తరలిస్తుండగా నీట మునిగి మనుషులు చచ్చిపోయిన సంగతి ఆ విగ్రహం ముందు ఫొటో దిగేవాళ్లకు గుర్తుండదు. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం 2022 మే 14న తెరుచుకుంది. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయాయి. వీటి విలువను మేం కాదనం. కానీ పర్యాటకుల బుద్ధుడు కళ్లు మూసుకుని ఊరుకుంటాడు, కులం ఊసెత్తడు.

అమరావతి స్తూపం అట్లా ఊరుకోలేదు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడని అక్కడి శాసనం చెప్తుంది. ఈ ఒక్క శాసనం పట్టుకుని ఆనాడు వివక్షే లేదని వాదించం. తోలు పని చేసే చేతులు తమ పనినీ పేరునూ దాచుకోకుండా పవిత్ర స్థలంలో చెక్కించుకున్నాయి, అదే మనకు ముఖ్యం.

ఆధునిక కాలంలోనూ మన చరిత్రను 1956 అక్టోబరు 14 నాగపూర్ దీక్షతోనే మొదలుపెట్టడం అలవాటైంది. అంతకు నలభై ఏళ్లకు ముందే, 1913లో, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ బుద్ధ జయంతి జరిపించాడు. ఆయన ఉద్యమంలో బుద్ధుని తలపుతోపాటే మన పిల్లలకు బడులు నడిచాయి, జోగినీ దురాచారం మీద, తాగుడు మీద పోరు నడిచింది. అంటే ఈ పండుగ పుట్టినప్పటి నుంచే పనితో ముడిపడి ఉంది.

మరి ఇప్పుడో? పంచశీల జెండా, ఫ్లెక్సీ, పాయసం, ఉపన్యాసాలు. వంట ఆడవాళ్లది, మైకు మగవాళ్లది. అక్కడక్కడ కొబ్బరికాయ, హారతి కూడా వచ్చి చేరుతున్నాయి. బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా ఒప్పుకోనని బాబాసాహెబ్ చేయించిన ప్రతిజ్ఞ మన నోటితోనే చదివి, మన చేతితోనే హారతి పడుతున్నాం. వాడలో కట్టుకున్నదాన్ని 'బుద్ధుని గుడి' అనడంలోనే చిక్కుంది. గుడికి తలుపుంటది, తలుపుకు తాళం, తాళానికొక పెద్దమనిషి. తరతరాలు గుడి బయట నిలబడ్డ మనం మరో తాళం చేయించుకుందామా? విహారమంటే చదువుకునే చోటు, తర్కించే చోటు.

ఇంకో రెండు సంగతులు మాట్లాడక తప్పదు. మాలవాడ పున్నమికి మాదిగవాడను పిలవకపోతే, పిలిచినా పక్కన కూర్చుని తినకపోతే అది ఏ పున్నమి? వాడలో చర్చి ఉంది, పోచమ్మ ఉంది. చర్చికి పోయే తల్లిని వెలేసి బుద్ధుణ్ణి తెచ్చుకుంటే కరుణ మాట పోతుంది. ఇక కాగితం సంగతి. బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారికి రిజర్వేషను వర్తిస్తుందని 1990లోనే చట్టం మారింది. అయినా హక్కు పోతుందన్న భయంతో బడి దరఖాస్తులో 'హిందూ' అనే రాస్తున్నాం. ఆ భయం తీర్చే పని చేయకుండా ఎన్ని దీపాలు పెట్టినా వెలుతురు గడప దాటదు.

కార్యకర్తలను, ఉపాధ్యాయులను మేం అడిగేది చిన్నదే. వచ్చే పున్నమికి ఒక ఉపన్యాసం తగ్గించండి. ఆ గంటలో రెండు వాడల పిల్లలకు విధికుని కథ చెప్పండి, మైకు ఆడవాళ్లకివ్వండి, ఆ 1990 చట్టం చదివి వినిపించండి. అప్పుడు బుద్ధుడొచ్చిండా లేదా అనేది వాడే చెప్తది.