గోన విఠలుడు, కుప్పాంబిక: వంశస్మృతియందు కులవృద్ధుల స్థానము

శ్రాద్ధకర్మయందు కర్త తండ్రిని, తాతను, ముత్తాతను పేరుపేరున నుద్దేశించి పిండప్రదానము చేయును. నాల్గవ తరము మొదలు పైవారు లేపభాజులని ధర్మశాస్త్రకారులు చెప్పిరి. కర్త చేతికంటిన యన్నలేపమే వారి భాగము. వారి పేరు చెప్పవలసిన పనిలేదు. కావున కర్మవిధి వలన నిలుచు వంశస్మృతి మూడు తరములకు పరిమితము. అంతకు పైవారి కథ నిలువవలెనన్న వేరొక యాధారము కావలయును. తెలుగుదేశమున నట్టి యాధారములు మూడు కనబడుచున్నవి: ఇంటిలోని వృద్ధుల నోటిమాట, కావ్యావతారికలోని వంశవర్ణనము, శిలాశాసనము. సాహిత్యచరిత్రకారులు కడపటి రెండింటిని శ్రద్ధతో పరిశీలించిరి. మొదటిదానిని పుక్కిటిపురాణమని త్రోసివేయుట పరిపాటియైనది. ఆ త్రోసివేత యెంతవరకు న్యాయమో పాలమూరు సీమలోని గోనవంశమును పరిశీలించిన తేటపడగలదు.

గోనవారు కాకతీయ చక్రవర్తులకు సామంతులై వర్ధమానపురము నేలినవారు. వర్ధమానపురమనగా నేటి నంది వడ్డెమాను. పూర్వము మహబూబునగరము జిల్లాలో నుండిన యీ గ్రామము 2016లో జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు నాగరుకర్నూలు జిల్లాలో నున్నది. ద్విపద రామాయణమైన రంగనాథరామాయణము గోన బుద్ధారెడ్డి కృతి. ఆతడు యుద్ధకాండాంతము వరకు ఆరు కాండములు రచింపగా, ఆతని కుమారులు కాచవిభుడును విఠలరాజును తండ్రి కోర్కెను శిరసావహించి యుత్తరకాండమును పూర్తిచేసిరి. బుద్ధారెడ్డి తన తండ్రియైన విఠలుని కోర్కెపై, ఆతని పేరిట గ్రంథము రచించుచున్నానని యవతారికయందే చెప్పియున్నాడు. తాత కోరినది తండ్రి చేసెను. తండ్రి విడిచినది కొడుకులు ముగించిరి. మూడు తరములవా రొక్క కావ్యమునకు భాగస్థులగుట తెలుగు సాహిత్యమున నరుదైన విషయము.

ఈ గ్రంథనామమును బట్టి విమర్శకులలో చిరకాలము వాదము నడచినది. రంగనాథుడను కవి వేరొక డుండెననియు, బుద్ధారెడ్డి కృతికి పేరుమాత్రము పెట్టుకొనెననియు కొందరనిరి. తండ్రి పేరు విఠలుడు, విఠలుడనగా పాండురంగడు, పాండురంగడే రంగనాథుడు, కావున తండ్రి పేరే గ్రంథమునకు వచ్చెనని మఱికొందరు సమాధానము చెప్పిరి. అవతారికలోని స్పష్టమైన వాక్యమును కాదని గ్రంథనామమునుండి కవి నూహించుట ప్రమాణవిరుద్ధము; కావున రెండవ పక్షమే బలవత్తరము. ఐతే ఈ వాదమున ఉభయపక్షములవారును కర్తృత్వమునే చూచిరి కాని, గ్రంథమునకు తండ్రి పేరు పెట్టుటలోని తాత్పర్యమును విచారింపలేదు. బుద్ధారెడ్డి చేసినది వంశస్మృతికార్యము. శ్రాద్ధమున మూడు తరముల పిదప మాసిపోవు పేరును ద్విపదయందు నిలిపిన, జనులు పాడుకొన్నంతకాలము నిలుచునని యాతడు తలచియుండును. ఆ తలపు ఫలించినది. ఐనను తండ్రి పేరు నిలిచి, కొడుకు కర్తృత్వమే సందేహమున పడినది.

పేరు నిలిచిన మాత్రాన మనిషి నిలిచినట్లు కాదనుటకు విఠలనామమే నిదర్శనము. బుద్ధారెడ్డి తండ్రి విఠలుడు, కొడుకు విఠలుడు. తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగువారి యాచారము; వంశచరిత్రలన్నింటిలో మిక్కిలి పొట్టిది అదియే. ఇక 1294లో రాయచూరు కోటయందు వేయబడిన శాసనమున గోన గన్నారెడ్డితోపాటు కోటనిర్మాణమునకు కారకుడైన యొక విఠలనాథుడును కనబడును. ఈ విఠలుడెవడు, ఆ విఠలుడెవడు, ఎవడెవనికి ఏమగునని తెలుసుకొనుటకు పండితులు శకవర్షములను లెక్కించి, శాసనములను సరిపోల్చి శ్రమపడవలసి వచ్చినది. ఆ యింట నాడు బ్రదికియున్న యొక ముసలమ్మ నడిగినచో క్షణమున చెప్పియుండును. ఒకే పేరు గల యిద్దరిని వేరుచేసి చూపుటయే కులవృద్ధుల ప్రధానకృత్యము. “ఆయన పెద్దాయన, ఈయన చిన్నాయన, ఆయన ఫలాని యింటి యల్లుడు, ఈయన ఫలాని యూర కాలము చేసినవాడు” అని వారు చెప్పు మాట వట్టి ముచ్చట కాదు. అది నామసంకరమును తొలగించు వ్యాఖ్యానము. మూలమునకు వ్యాఖ్య యెట్టిదో వంశావళికి వృద్ధుల మాట యట్టిది.

గోనవారి యింట నట్టి కృత్యమును రాతిపై నెరవేర్చినది కుప్పాంబిక. ఆమె బుద్ధారెడ్డి కూతురనియు, మల్యాల గుండదండనాథుని పత్నియనియు సాహిత్యచరిత్రకారు లధికులు గ్రహించిరి. వర్ధమానపురమునకు సమీపమునగల బుద్ధపురమున, అనగా నేటి మహబూబునగరము జిల్లా భూత్పూరున, భర్త మరణానంతరము 1276లో ఆమె శాసనము వేయించినది. ఆమెయే తొలి తెలుగు కవయిత్రి యని చెప్పువారును కలరు. ఆ వాద మెట్లు తీరినను, వంశస్మృతి విషయమున నామె స్థానము స్థిరము. సోదరులు తండ్రి కావ్యమును పూర్తిచేసి పితృకులమును మాత్రమే స్మరించిరి. పుట్టినింటిని మెట్టినింటిని ఒక్కచోట చేర్చి చూపు ఆధారము కుప్పాంబిక వలన నేర్పడినది. గోనవారికిని మల్యాలవారికిని గల సంబంధము నేడు తెలియుటకు ఆ యింటి యాడుబిడ్డయే కారణము. కావ్యావతారికలు తండ్రినుండి కొడుకునకు తిన్నగా దిగును. అడ్డముగా ఇల్లిల్లు కలుపు సంబంధములు వానిలో మిక్కిలి తక్కువ. ఆ సంబంధములను మరువక చెప్పువారు స్త్రీలు.

తరువాతి కాలమున నీ సీమయందే వర్ధిల్లిన సంస్థానములను చూచినను ఇదియే కనబడును. గద్వాల ముష్టిపల్లివారిలో సోమభూపాలనామము పలుమారులు వచ్చినది. విద్వద్గద్వాలయని పేరుగన్న యా సంస్థానమున పండితపోషణమునకు ప్రసిద్ధుడైన సోమభూపాలుని చిన సోమభూపాలుడని లోకము వేరుచేసి పిలిచినది. ఆ ‘చిన’ యను రెండక్షరముల విశేషణము ఏ యవతారికయు పెట్టినది కాదు. పెద్దవానిని మరువని నోళ్లు పెట్టినది. ఆ సంస్థానమున లింగమ్మ, మంగమ్మ, చొక్కమ్మ, వేంకటలక్ష్మమ్మ మొదలగు రాణులును పరిపాలించిరి. 1924లో రెండవ సీతారామభూపాలుడు మరణింపగా ఆదిలక్ష్మీదేవమ్మ యధికారము వహించి, సంస్థానము విలీనమగువరకు దానిని నడపినది.

వనపర్తి జనంపల్లివారి యింట నీ విషయము మఱియు స్పష్టము. మొదటి రామేశ్వరరావు 1866లో మరణించిన పిదప రాణి శంకరమ్మ సంస్థానమును కాపాడి దత్తత చేసికొన్నది. దత్తపుత్రునకును రామేశ్వరరావను పేరే వచ్చినది. ఆయన 1922లో కాలధర్మము చెందెను. మరుసటి ఏట, 1923లో, పుట్టిన మనుమడు తాత పేరు ధరించి మూడవ రామేశ్వరరావైనాడు. వ్రాతలయందు వీరు ఒకటవ, రెండవ, మూడవ సంఖ్యలతో గుర్తింపబడుదురు. ఆ సంఖ్యలలో మొదటిదానికిని రెండవదానికిని నడుమ దత్తతయు, రెండవదానికిని మూడవదానికిని నడుమ రక్తసంబంధమును కలవను భేదము కనబడదు. దత్తత చేసికొన్న స్త్రీ ఆ భేదమునకు సాక్షి. వంశము తెగకుండ కాపాడినది ఆమెయే కాగా, వంశవర్ణనమున నామెకు దొరకునది యొక విశేషణము మాత్రమే.

జటప్రోలు సురభివారి వంశమును మాధవరాయలు తన చంద్రికాపరిణయమున వర్ణించెను. 17వ శతాబ్దికి చెందిన యా ప్రబంధమున కవి తన యింటి సంగతి తానే చెప్పుట విశేషము. ఐనను అవతారికాధర్మము వేరు: పూర్వుల శౌర్యము, దానము, కీర్తి అందు ప్రధానములు, పుట్టుక గిట్టుకల కాలము, కన్నతల్లి యిల్లు, పోగొట్టుకొన్న భూమి అందు చేరవు. 19వ శతాబ్దిలో వేంకటగిరి వెలుగోటివారి బిడ్డ సురభివారి యింటికి దత్తత వచ్చెను. ఇట్లు రెండిండ్లు కలిసినచో వంశచరిత్ర వ్రాయువాడు రెండింటి యాధారములను చూడవలసి యుండును. నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన వెలుగోటివారి వంశావళి యిందుకు మార్గదర్శకము. సింగమనాయకుడు, అనపోతనాయకుడు అను పేర్లు తిరిగి తిరిగి వచ్చు నా వంశమున ఎవరెవరో నిర్ణయించుటకు పద్యములు మాత్రమే చాలవు. శాసనముల తోడు కావలసినది.

వృద్ధుల మాటలో దోషము లేదనుట యిచ్చటి సిద్ధాంతము కాదు. వారు ఇద్దరి కథను ఒక్కనికి చేర్తురు, చిన్న పోరును మహాయుద్ధము చేయుదురు, సంవత్సరసంఖ్య చెప్పజాలరు. కాని శోధింప నేర్చినవానికి ఆ మాటలయందే కాలసూచనలు కలవు. “ధాతకరవునాడు తాత చంకబిడ్డ” యని యొక యవ్వ చెప్పినచో, ధాతనామసంవత్సరము 1876లో వచ్చుటచేత, ఆ తాత పుట్టుక యించుమించు తేలును. అవతారికలోని యతిశయోక్తిని తీసివైచి సత్యమును గ్రహించుటకు విమర్శకులు పద్ధతు లేర్పరచుకొనిరి. ఆ పద్ధతులే నోటిమాటకును చెల్లును. కవికి చూపిన సహనమును అవ్వకు చూపకపోవుట పక్షపాతము.

ఈ విచారము సంస్థానప్రభువులకు మాత్రమే సంబంధించినది కాదు. 1981 ప్రాంతమున శ్రీశైలజలాశయము నిండినపుడు కృష్ణాతీరమునందలి గ్రామములు పెక్కులు మునిగినవి. పాత జటప్రోలు నీటిపాలైనది. అచ్చటి దేవాలయములను విప్పి కొత్త యూర తిరిగి నిలిపిరి. గుడిరాళ్లకు అంకెలు వేసి తరలింపవచ్చును. ఏ వీథి నెవరి యిల్లుండెను, ఏ బావి నెవరు త్రవ్వించిరి, ఏ తోట నెవరి సమాధి యుండెను అనునవి తరలింపబడినవి కావు. శాసనము లేని, అవతారిక లేని సామాన్యకుటుంబములకు వానిని చెప్పగలవారు ఆ యూళ్లలో పెరిగిన వృద్ధులొక్కరే. వారి సంఖ్య యేటేట తగ్గుచున్నది.

కావున గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల పాఠశాలాపండితులకు చేతనైన పని యొకటి కలదు. తమ శిష్యులచేత ఇంటి వృద్ధులు చెప్పు వంశవృత్తాంతమును, చెప్పినవారి పేరు, ఊరు, చెప్పిన దినముతోకూడ, దిద్దక వ్రాయింపవలయును. ఆడుపడుచులు ఏ యింటినుండి వచ్చి ఏ యింట మెట్టిరో విడువక గుర్తింపవలయును. ఒకే పేరుగలవారిని ‘పెద్ద’, ‘చిన్న’ యను ఇంటివాడుకతోనే నిలుపవలయును. అట్లు చేసినచో ఆ సీమ యితిహాసమున నామసంకరములు కొన్నియైన ముందుతరమువారికి తప్పును.